అండమాన్‌కు తక్కువ ఖర్చులో పోవాలంటే: చెన్నై ఓడా, విమానమా?

బురుజుకాడ (కర్నూలు):
సంక్రాంతి అయినాక అండమాన్ పోదామనుకుంటున్నాం. నేను, నా భార్య, మా అమ్మ, ఎనిమిదేళ్ల పాప. అన్నీ కలిపి లక్ష దాటకూడదు. చెన్నై నుంచి ఓడలో పోతే చాలా మిగులుతుందని ఆఫీసులో ఒకాయన అన్నాడు. పోయొచ్చినవాళ్లు చెప్పండి. ప్యాకేజీలు వద్దు.

పెన్న ఒడ్డు (కడప):
ఓడే. ఆలోచించే పనే లేదు. బంక్ క్లాసు టికెట్ విమానం టికెట్‌లో సగం కూడా ఉండదు. నడిపేది అండమాన్ ప్రభుత్వ నౌకాయాన శాఖ. చెన్నైలో రాజాజీ సాలైలో వాళ్ల ఆఫీసు ఉంది, టికెట్లు అక్కడ ఇస్తారు. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు, 60 నుంచి 70 గంటలు పడుతుంది. అంటే మూడు రాత్రులకు లాడ్జి ఖర్చు లేదు, ఈ లెక్క ఎవరూ వేయరు. క్యాంటీన్ ఉంటుంది. చపాతీలు, పులిహోర, శెనగపొడి కట్టుకుపోతే మొదటి రోజు దాని అవసరం కూడా రాదు.

ఒక విమాన సంస్థ నా టికెట్ రద్దు చేసి, డబ్బులు వెనక్కి ఇవ్వడానికి నెలల తరబడి తిప్పింది. అప్పట్నుంచి ఆ దిక్కు చూడను.

హైవే 44 (అనంతపురం):
పెద్దావిడ, చిన్నపాప అని రాశారు. పై అన్న అంతవరకూ చదివినట్టు లేదు.

ఓడ రోజూ ఉండదు, నెలకు కొన్నే. తేదీలు కూడా చాలా ముందుగా చెప్పరు. నేను ఇట్లాగే నమ్మి చెన్నై పోతే ఓడ వాయిదా పడింది. హార్బర్ దగ్గర లాడ్జిలో పడుకుని, హోటల్ తిండి తిని, అటునుంచి అటే ఇంటికొచ్చా. ఆ ఖర్చు ఏ లెక్కలో రాయాలి? బంక్ అంటే హాల్లో వరసగా బెర్తులు, బాత్రూములు అందరికీ కలిపే. కేబిన్ తీసుకుంటే విమానం ధర దగ్గరికి పోతుంది.

కర్నూలు వాళ్లు 44వ హైవే పట్టుకుంటే బెంగళూరు ఊళ్లోకి పోయే పనే లేదు, దేవనహళ్లి దగ్గర దిగి ఎయిర్‌పోర్టుకు పోవచ్చు. పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానం ఉంది. ముందుగా, వారం మధ్యలో ఉండేట్టు చూసి బుక్ చేసుకోండి.

రాగిసంగటి:
ఓడలో సంగటి పెడతారా?

పెన్న ఒడ్డు:
దేవనహళ్లి దాకా నలుగురికి బస్సు చార్జీ, అక్కడి నుంచి ఆటోనో టాక్సీనో, అవి కలిపావా?

హైవే 44:
చెన్నై దాకా పోవడానికి నువ్వు కలిపావా? ఇంకోటి, ఓడ టికెట్‌కు అక్కడి ద్వీపవాసులకు ఒక రేటు, మనకు ఒక రేటు. నువ్వు చూసింది ఎవరిదో?

పెన్న ఒడ్డు:
మన రేటే చూశా. కడప నుంచి చెన్నైకి రైలుంది, బొంబాయి లైనులోనే కదా మనూరు. ఆ చార్జీ ఒక లెక్కా?

బురుజుకాడ:
అన్నా, నాది కర్నూలు.

తుంగభద్ర తీరం (కర్నూలు):
తమ్ముడూ, వీళ్లిద్దరినీ కాసేపు పక్కన పెట్టు. డబ్బు కరిగేది అక్కడికి చేరాకే.

2024 నుంచి పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం. హావ్‌లాక్ ద్వీపం అంతకుముందే స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ ద్వీపం షహీద్ ద్వీప్ అయింది. బుకింగుల్లో రెండు పేర్లూ కనపడతాయి, కంగారు పడొద్దు. హావ్‌లాక్‌కు ప్రభుత్వ ఫెర్రీ ఫీనిక్స్ బే జెట్టీ నుంచి పోతుంది. ప్రైవేటు ఫెర్రీల కన్నా బాగా చవక, కాకపోతే రెండున్నర గంటలు పడుతుంది, టికెట్లు కూడా త్వరగా అయిపోతాయి. మీరు ఖర్చు తగ్గించుకోవాల్సింది ఇక్కడ. హావ్‌లాక్ జెట్టీ నుంచి రాధానగర్ బీచికి బస్సు తిరుగుతుంది, టైము కనుక్కుంటే టాక్సీ అక్కర్లేదు. ఒక్క రాత్రయినా నీల్‌లో ఉండండి. చిన్న ద్వీపం, సందడి తక్కువ. భరత్‌పూర్ బీచిలో నీళ్లు లోతు ఉండవు, పాప ఆడుకుంటుంది.

అక్కడ పొద్దు మనకన్నా ముందే గూకుతుంది, జనవరిలో ఐదున్నర లోపే. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసి లేస్తే ఆ రోజు అయిపోయినట్టే. పొద్దున్నే బయటపడాలి. తిరుగు విమానానికి ముందు రాత్రి హావ్‌లాక్‌లో మాత్రం ఉండొద్దు. వాతావరణం చెడితే ఫెర్రీలు ఆపేస్తారు, విమానం పోతుంది. చేతిలో నగదు ఉంచుకోండి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి బ్యాగులో వేసుకుంటే చట్టప్రకారం తప్పు, పాపకు ముందే చెప్పండి. బారాటాంగ్ గుహలకు పోవాలంటే తెల్లవారుజామున మూడు, నాలుగింటికే బయల్దేరాలి. జారవా ఆదివాసులుండే అడవి మీదుగా వాహనాలను కాన్వాయ్‌గా పంపుతారు. దారిలో ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు. పెద్దావిడతో అయితే అది మానుకోండి.

భాషకు ఇబ్బంది లేదు, హిందీ నడుస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లూ చాలామందే ఉన్నారు.

ఓడ మోజుంటే పోయేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోండి.

పెన్న ఒడ్డు:
సగం సగం చేస్తే మిగిలేదేముంది?

హైవే 44:
ఈ ఒక్క మాటలో ఆయనతో నేనూ ఏకీభవిస్తా.

ఎల్‌టీసీ వీరుడు:
కేంద్ర ఉద్యోగులకు అండమాన్‌కు ఎల్‌టీసీ (సెలవు ప్రయాణాలకు సర్కారు ఇచ్చే ఖర్చు) మీద విమానంలో పోయే వెసులుబాటు ఉంది. ఇంత గొడవ ఎందుకో.

పెన్న ఒడ్డు:
సర్కారు టికెట్ మీద తిరిగేవాళ్లు తక్కువ ఖర్చు గురించి మాట్లాడొద్దు సారూ.

హైవే 44:
ఆ మాట నువ్వంటున్నావా? ప్రొఫైల్లో టీచర్ అని పెట్టుకున్నావు. పోను మూడు రోజులు, రాను మూడు రోజులు, వారం నీళ్ల మీదే. ఇంట్లో కూర్చున్నా జీతం పడేవాళ్లకు అది విహారం. నేను మొబైల్ షాపు నడుపుతా. వారం షట్టర్ దించితే కిరాయి ఆగదు, కుర్రోడి జీతం ఆగదు, పక్క షాపుకు అలవాటుపడిన గిరాకీ తిరిగి రాదు. నువ్వు మిగిల్చానంటున్న డబ్బు నాకు రెండు రోజుల్లో పోతుంది. ఇది తెలియకుండా ఊరికే ఓడ, ఓడ అంటే ఎట్లా?

పెన్న ఒడ్డు:
టీచర్నే, ప్రైవేటు స్కూల్లో. బడి మూసిన రోజు నుంచి మళ్లీ తెరిచేదాకా మాకు పైసా రాదు. మే నెలలో నా దగ్గర రోజులు తప్ప ఇంకేమీ ఉండవు. నీకు షాపు మూస్తే నష్టం, నాకు తెరిచి పెట్టుకోవడానికి షాపే లేదు. ఓడ లేకపోతే నా పిల్లలు సముద్రం మధ్యలో ఉండే ఊరు చూసేవాళ్లే కాదు. హాల్లో బెర్తని తక్కువ చేసి రాశావే, మేమందరం అందులోనే పోయాం. రాత్రి డెక్ మీద జనం పాటలు పాడుతుంటే మా చిన్నోడు నిద్రపోనన్నాడు. బాత్రూముల దగ్గర వాసన వచ్చింది, కాదనను.

హైవే 44:
సరే సారూ. మరి మొదట్లో "ఆలోచించే పనే లేదు" అని రాసే బదులు ఇదే రాసుంటే సరిపోయేది కదా. రోజులున్నవాళ్లకు ఓడ అని.

పెన్న ఒడ్డు:
నువ్వు కూడా "షాపున్నవాళ్లకు విమానం" అని రాయలేదు.

రాగిసంగటి:
విశాఖ నుంచీ ఓడ ఉందంట?

తుంగభద్ర తీరం:
ఉంది, చెన్నై కన్నా చాలా అరుదు. మనకు అంత దూరం పోవడమే ఇంకో యాత్ర. అసలు అడిగినాయన ఎక్కడ? అమ్మకు ప్రయాణం పడుతుందా? సెలవెన్ని రోజులు?

బురుజుకాడ:
అమ్మకు శ్రీశైలం ఘాట్‌లోనే వాంతులు, అక్కా. సెలవు ఆదివారాలు కలిపి ఎనిమిది రోజులు.

హైవే 44:
ఎనిమిదా! ఇది మొదటే చెప్పుండొచ్చు కదప్పా!

తుంగభద్ర తీరం:
అయితే బెంగళూరు విమానమే. హావ్‌లాక్ ఫెర్రీ కూడా ఊగుతుంది, ఎక్కేముందు ఆమెకు వాంతుల మాత్ర వేయండి, మధ్య సీటు చూడండి. విమానం టికెట్లు ఈ వారమే తీసుకోండి, సంక్రాంతి దగ్గరపడితే లక్షలో ఇమడదు.

బురుజుకాడ:
సరే అక్కా. రాత్రికి చూస్తా.

పెన్న ఒడ్డు:
దేవనహళ్లి బస్సు చార్జీ కలిపి చూడు.