స్పోర్ట్స్ కారు టైర్లలో గాలి: స్టిక్కర్ మీద 29 ఉంటే, ట్రాక్ కోసం 25కి దించొచ్చా?

ఎర్ర_మియాటా:
నాది నాలుగో తరం మాజ్దా మియాటా, ఉండేది శాన్‌హోజేలో. డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ముందు, వెనక టైర్లలో గాలి 29 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాలని ఉంది. వచ్చే నెల లాగునా సెకా రేస్ ట్రాక్‌లో నా మొదటి ట్రాక్ డే, అంటే సొంత కారుని ట్రాక్ మీద తోలే రోజు. టైర్ల షాపులో 36 కొట్టి పంపారు. ట్రాక్‌కి వెళ్లే ఫ్రెండ్ 25కి దించమంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

మాదాపూర్_మెకానికల్:
ముందు ఆ 36 తీసేయండి. అంత తేలికైన కారుకి అంత గాలి పెడితే టైరు నడిమి భాగమే రోడ్డుకి గట్టిగా ఆనుతుంది, పట్టు పోతుంది. కానీ 25కి కూడా నేను ఒప్పుకోను. మన దగ్గర మే నెల వస్తే చాలు, "ఎండకి టైరు పేలుతుంది, గాలి తగ్గించు" అంటారు. నిజానికి గాలి తక్కువున్న టైరుకే ఆ ప్రమాదం ఎక్కువ. తిరిగే ప్రతిసారీ సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) ఎక్కువగా వంగుతుంది, ఆ వంగడంలోనే వేడి పుట్టి లోపలి పొరలు విడిపోతాయి. మా బాబాయి కారు టైరు ఔటర్ రింగ్ రోడ్డు మీద అలాగే పోయింది. అప్పటి నుంచి ఈ విషయంలో నేను మెత్తబడను.

లాప్_టైమ్:
రోడ్డు వరకు మీ మాటే కరెక్ట్ అండీ. ట్రాక్ లెక్క వేరు. పొద్దున 15 డిగ్రీల దగ్గర 29 పెట్టారనుకోండి. లోపలి గాలి 65 డిగ్రీలకి చేరితే అది 36 దాటుతుంది. 25తో మొదలుపెడితే 32 దగ్గర ఆగుతుంది. చూడాల్సింది వేడెక్కాక ఉన్న అంకె.

మాదాపూర్_మెకానికల్:
ఆ 65 డిగ్రీలు మీలాంటి వాళ్లు తోలితే వస్తాయి. మొదటిసారి వెళ్లే మనిషి అంత వేడెక్కించలేడు. 25తో మొదలుపెడితే మలుపుల్లో టైరు అంచు మీదకి ఒరుగుతుంది. పైగా ఇంటికి ఎలా వస్తాడు? అమెరికా రూల్ ప్రకారం ప్రెషర్ స్టిక్కర్ అంకె కన్నా 25 శాతం తగ్గేసరికి డాష్‌బోర్డు మీద టైరు హెచ్చరిక లైటు వెలగాలి. 29కి అది దాదాపు 22. అంటే 25తో హైవే ఎక్కినా కారు హెచ్చరించకపోవచ్చు!

లాప్_టైమ్:
ఇది న్యాయమైన మాట. సరే, 29తోనే ట్రాక్ ఎక్కండి. మొదటి సెషన్ అవగానే, టైరు చల్లారకముందే గేజ్ పెట్టి 32కి దించండి. టైరు అంచున అడ్డంగా, సైడ్‌వాల్ మీదకి వచ్చేలా చాక్‌పీస్‌తో గీత గీసి వెళ్లండి. గీత అంచు దాటి సైడ్‌వాల్ మీద కూడా చెరిగిపోతే గాలి తక్కువైంది. అంచు దాకా కూడా చెరగకపోతే ఎక్కువైంది. ఏ స్నేహితుడు చెప్పిన అంకె కన్నా ఆ గీతనే నేను నమ్ముతాను. డిక్కీలో చిన్న కంప్రెసర్ తప్పనిసరి. టైర్లు చల్లారాక మళ్లీ 29 కొట్టుకునే గేటు దాటండి.

ఎర్ర_మియాటా:
ఇద్దరికీ థాంక్స్ అండీ. కంప్రెసర్ ఈ రోజే కొంటాను. ఒక్క డౌట్: అక్కడ ఎడమ మలుపులు ఎక్కువ కదా, కుడి టైర్లు ఎక్కువ వేడెక్కితే?

లాప్_టైమ్:
వేడెక్కుతాయి. వేడి మీద నాలుగూ 32కే దించండి. చల్లారాక కుడివైపు ఒకటి రెండు తక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి.

మాదాపూర్_మెకానికల్:
కానీ వెనక్కి బయల్దేరే ముందు నాలుగూ విడివిడిగా చూసుకోండి. నా మాటగా ఇదొక్కటి గుర్తుంచుకోండి.