పాత ఇషాపూర్ రైఫిల్ కొనే ముందు

నమస్కారమండి. తిరుపతిలో ఎన్.సి.సి. రోజుల్లో పట్టుకున్న త్రీ నాట్ త్రీ (.303) రైఫిల్ మీద మమకారంతో, అమెరికా వచ్చిన ఏడాదికే పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో చేసిన ఒక రైఫిల్ బేరం చేస్తున్నట్టు రాశారు.

ధరకన్నా ముందు మీ వీసా సంగతి చూసుకోండి. హెచ్-1బి వంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాపై ఉన్నవారు, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి మినహాయింపు లేనిదే, తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. స్నేహితుడి పేరున కొనిపించాలన్న ఆలోచన అసలే వద్దు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి కనుక లాయరును అడిగాకే ముందుకు వెళ్లండి.

ఇక రైఫిల్ విషయానికి వస్తే, 1960లలో ఇషాపూర్‌లో తయారీ మొదలైన 2ఏ, 2ఏ1 రకాలు చూపుకు త్రీ నాట్ త్రీలాగే ఉన్నా 7.62 మి.మీ. నాటో తూటాకు చేసినవి. త్రీ నాట్ త్రీ తూటా వీటికి, వీటి తూటా దానికి పనికిరావు. గొట్టం లోపల తూటాను తిప్పే మెలి గాడులే లేకపోతే అది పోలీసుల కోసం .410 మస్కెట్‌గా, అంటే నున్నటి గొట్టపు తుపాకీగా, మార్చినది కావచ్చు.

మెరుపును మాత్రం నమ్మకండి. మన చిత్తూరు వైపు సంతలో ఎద్దు పళ్లు చూడకుండా ఎవరూ బేరమాడరు కదా. నేను మొదట కొన్నది నిగనిగలాడింది. ఇంటికి తెచ్చి చెక్క విప్పితే, చెక్క అంచు మొదలైన చోటి నుంచే ఇనుమంతా స్ఫోటకం మచ్చల్లాంటి గుంటలు. బయటికి కనిపించే భాగానికే కొత్త రంగు పట్టించారు. అలా మెరుగుపెట్టిన దానికన్నా, అరిగిన పాత రంగుతో ఉన్నదానికే సేకరించేవారు ఎక్కువ ఇస్తారు. చెక్క కోసి వేట తుపాకీలా మార్చినదానికి ఆ విలువ పోయినట్టే. ముందు చెక్కకు రాగి తీగ చుట్టి ఉంటే అది మరమ్మతు అనుకోకండి. గ్రెనేడ్లు పేల్చేందుకు ఇచ్చిన బలం.

తుపాకీ ఖాళీగా ఉందని మీ కళ్లతో చూశాక, బోల్టు (గొట్టం వెనుక భాగాన్ని మూసే, ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప కడ్డీ) తీయించి, నూనె తుడిపించి, వెలుతురుకు ఎదురుగా గొట్టంలోకి చూడండి. నూనె గుంటలను కప్పేస్తుంది. పాత .303 తూటాల ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే బిళ్ల) విడిచే లవణం తేమను పీల్చుకుని, కాల్చిన వెంటనే నీళ్లతో కడగని గొట్టాన్ని తినేస్తుంది. గాడుల అంచులు మూతి దాకా పదునుగా ఉండాలి. బోల్టు పిడి మీది నంబరు, రిసీవర్ (బోల్టు కూర్చునే ఇనుప భాగం) నంబరు కలవకపోతే తుపాకీ మేస్త్రీ చేత గేజీ పెట్టించి హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టుకూ గొట్టంలో తూటా ఆనే చోటుకూ మధ్య దూరం, కొలిపించనిదే కాల్చవద్దు. డీపీ (డ్రిల్ పర్పస్) అన్న ముద్ర ఉంటే అది కవాతుకే, కాల్చడానికి కాదు.

చెక్క విప్పి చూపడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపండి. ఒప్పుకుంటే గొట్టం మూతి, ముద్రల ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.