రేడియేషన్ భద్రతా బృందానికి మనుషులను ఎలా ఎంచుకోవాలి?

విశాఖ విద్యార్థిని:
ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. సైన్యాల్లో రేడియేషన్ భద్రతా బృందాల గురించి సెమినార్ పత్రం రాయాలి. పరికరాల సమాచారం బోలెడు దొరికింది, మనుషుల ఎంపిక గురించి మాత్రం దొరకలేదు. ఫిజిక్స్ బాగా తెలిసినవారు ఉంటే సరిపోతుందా?

విశ్రాంత సైనిక రేడియోగ్రాఫర్:
సరిపోదమ్మా. 1946లో పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా చేసిన అణుపరీక్షలు చూడండి. జూలై 25న నీటి అడుగున పేల్చిన ‘బేకర్’ బాంబు లక్ష్య నౌకలను రేడియోధార్మిక జలంతో ముంచెత్తింది. భద్రతా విభాగాధిపతి కర్నల్ స్టాఫోర్డ్ వారెన్ స్వయంగా రేడియాలజిస్టు. ఆయన కింద వైద్యులు, శాస్త్రవేత్తలు ఉన్నారు. చదువుకు లోటు లేదు. కరవైనవి తగినంత మంది, వారి మాటకు విలువ. రోజుకు 0.1 రాంట్‌జన్ (రేడియేషన్‌ను కొలిచే పాత ప్రమాణం) పరిమితి నావికులకే కాదు, గైగర్ కౌంటరు (రేడియేషన్‌ను పసిగట్టే పరికరం) పట్టుకుని వాళ్లను కాపాడాల్సిన మానిటర్లకూ వర్తించేది. పైగా ఓడను ఎలాగైనా దక్కించుకోవాలని చూసే అధికారికి, కంటికి కనిపించని ప్రమాదం ఉందని ఒక కుర్ర మానిటర్ చెబితే ఎక్కుతుందా? చేప ఒంట్లోని రేడియోధార్మికత వల్ల ఫిల్ము మీద దానంతటదే పడిన బొమ్మను వారెన్ ఆ పరీక్షల అధిపతి అడ్మిరల్ బ్లాండీకి చూపించాకే, ఆగస్టు 10న ఓడలపై రేడియోధార్మికతను కడిగే పని ఆగింది.

అందుకే నా దృష్టిలో, పై హోదావారితోనైనా ‘పని ఆపండి’ అనగలిగినవారే మొదటి అర్హులు. ఆ అధికారాన్ని వారికి రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఆరోగ్య భౌతికశాస్త్రవేత్త:
నిజమే. ఒకటి చేరుస్తాను. అక్కడ ప్లుటోనియం వెలువరించే ఆల్ఫా కణాలు మామూలు గైగర్ కౌంటర్లకు చిక్కలేదు. నమూనాలు పరీక్షించే రేడియోకెమిస్టు లేని బృందానికి సగం ప్రమాదం తెలియదు.

విశాఖ విద్యార్థిని:
ధన్యవాదాలండీ. మరి ఎంతమంది కావాలో ఎలా లెక్కవేస్తారు?

విశ్రాంత సైనిక రేడియోగ్రాఫర్:
మోతాదు నుంచి మొదలుపెట్టండి. పనిచేసే చోట గంటకు 10 మిల్లీసీవర్టుల (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు ప్రమాణం) రేడియేషన్ ఉందనుకుందాం. మనిషికి 5 మాత్రమే అనుమతిస్తే అరగంటలో బయటికి రావాలి. ఇద్దరు చొప్పున 4 గంటల పనికి 16 మంది కావాలి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పంపడానికి అదనంగా కొందరిని ఉంచాలి. మన దేశంలో రేడియేషన్ ఉద్యోగికి ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు దాటకూడదు కాబట్టి పాత డోసు రికార్డులు చూడకుండా ఎవరినీ జాబితాలో చేర్చవద్దు. ఆ తర్వాత అందరికీ మాస్కు, రక్షణ దుస్తులు తొడిగి ఎండలో పని చేయించండి. ఊపిరాడక కంగారుపడేవారు అక్కడే తెలుస్తారు. వాళ్లకు బయట రికార్డులు రాసే పని అప్పగించండి, అదీ ముఖ్యమే.