దిగులును దిగులని చెప్పనివాళ్ళను ఎట్లా అడగాలి?

అనంతపురం జిల్లా శెనక్కాయ పల్లెల్లో మనసు కుంగినవాళ్ళను గుర్తించడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టీ వాడుతున్నాం. గడిచిన 2 వారాల మీద 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 10 గానీ ఆపైన గానీ వస్తే డాక్టరు దగ్గరికి పంపుతాం.

జవాబుల్లో "కొన్ని రోజులు" (1 మార్కు), "సగం రోజులకు పైగా" (2 మార్కులు) అంటే జనానికి తేడా అందడం లేదు. అందుకని చాప మీద 14 శెనక్కాయలు పరిచి, నిద్ర పట్టని రాత్రికొకటి పక్కకు జరపమంటాం. 8 జరిపితే 2 మార్కులు. ఇది కుదిరింది.

అసలు చిక్కు వేరే. దిగులుగా ఉందని ఎవరూ అనరు. తల బరువు, గుండె దడ, ఒళ్ళు మంటలంటారు. ఇవి ఆ ప్రశ్నల్లో లేవు కాబట్టి మార్కులు తగ్గుతాయి, మనిషి మాత్రం లోపల నలిగిపోతుంటాడు. అప్పు, ఎండిన బోరు, బెంగళూరు పోయి ఫోన్ చేయని కొడుకు, ఇవేవీ ఇంట్లోవాళ్ళ ముందర నోట రావు. 9వ ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం ఎంతొచ్చినా సరే, దానికి 1 పడినా ఆ పూటే విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. అత్త పక్కనుంటే కోడలు సున్నానే చెబుతుంది! మనసు బాగోలేనివాళ్ళు ఫోన్లో మాట్లాడే సర్కారు సాయం టెలి మానస్ 14416 నంబరు ఇస్తున్నాం, కానీ ఇంటికంతా ఒకటే ఫోనైతే ఆమె ఎప్పుడు చేయాలి?

కర్నూలు, కడప వైపు ఈ పని చేసేవాళ్ళు దయచేసి చెప్పండి. 9వ ప్రశ్నను సీమ మాటల్లో ఎట్లా అడుగుతున్నారు? బీపీ చూస్తామని పక్కకు పిలిస్తే ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటున్నారా? ఒంటినొప్పులే చెప్పేవాళ్ళను ముందు ఏమడిగితే నోరు విప్పుతున్నారు?