అప్‌డేట్: డేటా ఎందుకు సేవ్ కావట్లేదో దొరికింది

ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ (పైథాన్ కోడ్ నుంచి డేటాబేస్‌తో పనిచేయడానికి వాడే లైబ్రరీ) 1.3 నుంచి నేరుగా 2.0కి మారితే సగం టెస్టులు ఫెయిలవుతున్నాయి, ఏం చేయాలని అడిగాను కదా, పని అయిపోయింది. మీరు చెప్పినట్టే వెనక్కి వచ్చి ముందు 1.4 పెట్టి, 2.0 వార్నింగులు (2.0లో పనిచేయని కోడ్‌ని చూపించేవి) ఆన్ చేసి ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ వచ్చాను. 2.0లో ఇంజిన్ (డేటాబేస్ కనెక్షన్లు ఇచ్చే ఆబ్జెక్ట్) మీద నేరుగా ఎగ్జిక్యూట్ పిలవడం తీసేశారు, ఉత్త స్ట్రింగ్‌గా రాసిన ఎస్‌క్యూఎల్‌ని టెక్స్ట్ ఫంక్షన్‌లో పెట్టాలి. ఇవి వెంటనే ఎర్రర్ ఇస్తాయి కాబట్టి సులువే.

అసలు టెన్షన్ పెట్టింది ఆటోకమిట్ తీసేయడం, అంటే రాసిన డేటా దానంతటదే కమిట్ (శాశ్వతంగా సేవ్) అవ్వడం ఇక లేదు. ఇన్సర్ట్ నడుస్తుంది, ఎర్రర్ రాదు, టేబుల్ తెరిచి చూస్తే ఆ రో ఉండదు! కనెక్షన్ మూసేటప్పుడు రోల్‌బ్యాక్ అయిపోతోంది, అంటే రాసింది రద్దవుతోంది. ఆ ఇన్సర్ట్‌ని ఇంజిన్ బిగిన్ (engine.begin()) బ్లాక్‌లో పెట్టాక, బ్లాక్ ముగియగానే కమిట్ అవుతోంది. రాసిన డేటాని వేరే కనెక్షన్‌తో మళ్లీ చదివే టెస్టు ఒకటి తప్పకుండా పెట్టుకోండి, నాకు దీన్ని పట్టిచ్చింది అదే. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.