ఉగాది పిల్లల స్టాల్: కార్డుల ప్రింటింగ్‌కి రేపు 11 గంటలే ఆఖరు

హైదరాబాద్ నుంచి:
అందరికీ నమస్తే. ప్రింటింగ్ షాపు ముందు నిలబడి రాస్తున్నా. రేపు పొద్దున 11 లోపు ఫైల్ ఇస్తేనే ఎల్లుండి సాయంత్రానికి సన్‌బోర్డు కార్డులు చేతికొస్తాయి. వాటిని మీ దగ్గరికి తెచ్చే పిన్నిగారి ఫ్లైట్ ఆ రాత్రికే. మిగిలిన పనులు ఇవి: 1. పదాల జాబితా 2. ఫ్లెక్సీ సైజు 3. టేబుళ్లు 4. బహుమతులు 5. గాలియం చెంచా. ఎవరేం చూస్తున్నారో కింద రాయండి.

పదాలు ఇంతవరకూ ఇవీ. మూలకాల సంకేతాలు ఇంగ్లిష్ అక్షరాల్లో పక్కపక్కన పెట్టి తెలుగు మాటగా చదవాలి. నికెల్, రుథీనియం, అంటే ఎన్ఐ, ఆర్‌యు కలిస్తే నీరు. ప్రొటాక్టినియం, లుటీషియం పాలు. కోబాల్ట్, టైటానియం కోతి. ప్లూటోనియం, లిథియం పులి. కాల్షియం, పొటాషియం (దీని సంకేతం కె), అయొడిన్ కాకి. బేరియం, బోరాన్, యురేనియం బాబు. ఫ్లెక్సీ మీద యురేనియం, గాలియం, డిస్ప్రోసియం, అంటే యు, జీఏ, డీవై: ఉగాది! నేనిప్పుడు నిలబడ్డ చోటు కూడా దొరికింది. పొటాషియం, ఆక్సిజన్, టైటానియం. కోఠి.

తెలుగు క్లాసు:
నాన్న కూడా వస్తుందండీ, సోడియం, నైట్రోజన్, సోడియం, అంటే ఎన్ఏ, ఎన్, ఎన్ఏ. మా క్లాసు పిల్లలే పట్టుకున్నారు. కానీ అమ్మ రావట్లేదు. అమెరిషియం దగ్గర 'అమ్' వరకూ వచ్చి ఆగిపోతోంది. ఎం అనే సంకేతం లేదు, ఏ లేదు, రెండూ కలిపినా లేదు. ఓ పాప ఏడుపు మొహం పెట్టేసింది. 'తెలుగు' రాయబోతే టెలురియం, లుటీషియంతో 'తేలు' అయి కూర్చుంది. జీ ఒక్కటే సంకేతంగా లేదు మరి. ఏం చేద్దాం?

హాలు బుకింగ్:
ముందు ఇది చూడండి. హాలు వాళ్లు మన బుకింగ్ రద్దు చేశారు. ఫారంలో 'ప్రదర్శించే వస్తువులు' అన్నచోట 'యురేనియం 2, ప్లూటోనియం 1, గాలియం 1' అని ఉందట. ప్రమాదకర పదార్థాలు లోపలికి రానివ్వం అని మెయిల్ పెట్టారు. ఫోన్ చేసి, అవి అట్టముక్కలండీ, పిల్లల ఆట అని చెప్పా. మేనేజరు కాస్త మెత్తబడి, మరి గాలియం కూడా అట్టముక్కేనా అన్నాడు. అబద్ధం చెప్పలేకపోయాను.

కోశాధికారి:
ఫారం నింపిందెవరు? 'కార్డులు' అన్న ఒక్క మాట రాయడానికి ఏమొచ్చింది? అడ్వాన్సు 400 డాలర్లు కట్టాం. చందాలు సగం కూడా రాలేదు. నేనెవరికి లెక్క చెప్పుకోవాలి?

స్టాల్:
నేనే అన్నా. రాత్రి 12 దాటాక, జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని నింపాను. పోయినేడు మైకు పనిచేయకపోతే నన్నే అన్నారు, ఇప్పుడూ నన్నే. ఈ స్టాల్ ఇంకెవరికైనా ఇచ్చేయండి.

వంటలు:
ఇద్దరూ కాసేపు ఫోన్లు పక్కన పెట్టండి నాయనా. 120 మందికి పులిహోర నేను ఎక్కడికి మోసుకెళ్లాలో ఎవరైనా చెప్పండి.

హైదరాబాద్ నుంచి:
గాలియం తప్పు నాది, తమ్ముణ్ణి ఏమీ అనొద్దు. 29.76 డిగ్రీలకే కరుగుతుంది, అరచేతిలో పెడితే చెంచా కారిపోతుంది. పిల్లలు నోరు తెరిచి చూస్తారని ఆశపడ్డా. అల్యూమినియంకి తగిలితే లోపలికి చొరబడి పెళుసు చేసేస్తుంది, అందుకే విమానాల్లో దాన్ని ప్రమాదకర సరుకు కింద లెక్కేస్తారు. పిన్నిగారి పెట్టెలో పెట్టే పనే లేదు. జాబితాలోంచి తీసేశా.

హాలు బుకింగ్:
మళ్లీ ఫోన్ చేశా. మన రోజు వేరేవాళ్లకి ఇచ్చేశారు. అడ్వాన్సు వెనక్కి ఇస్తారట. మా ఇంటి దగ్గర పార్కులో షెల్టరు ఖాళీగా ఉంది, 60 డాలర్లు. కరెంటు లేదు, టేబుళ్లు లేవు. అడిగి పెట్టేదా?

కోశాధికారి:
పెట్టేయమ్మా. తమ్ముడూ, బాబుకి జ్వరం తగ్గిందా? చందాల టెన్షన్‌లో నోరు జారాను, మనసులో పెట్టుకోకు. స్టాల్ నువ్వే చూడాలి.

స్టాల్:
తగ్గింది అన్నా. టేబుళ్లు లేకపోతే కార్డులు పిల్లల మెళ్లోనే వేద్దాం. పిల్లలే మూలకాలు. నేను 'పులి' అని అరిస్తే ప్లూటోనియం, లిథియం పరుగెత్తుకొచ్చి పక్కపక్కన నిలబడాలి. కరెంటుతో పనేముంది? అక్కా, కార్డుల పై అంచున రెండు చిల్లులు కొట్టించగలవా?

హైదరాబాద్ నుంచి:
కొట్టిస్తారు, షాపాయన ఒప్పుకున్నాడు. రిబ్బన్ ఇక్కడే కొంటా.

అమ్మ సంగతి రాత్రంతా ఆలోచించా. రష్యా శాస్త్రవేత్త మెండెలీవ్ 1871లో వేసిన మూలకాల పట్టికలో అప్పటికి ఎవరికీ తెలియని మూలకాలకి చోటు ఖాళీగా వదిలాడు. అల్యూమినియం కింద ఖాళీకి 'ఏక అల్యూమినియం' అని పేరు పెట్టాడు. ఆ ఏక మన సంస్కృతం ఏకమే. నాలుగేళ్లకి, 1875లో, అక్కడికి సరిపోయే లోహం దొరికింది. అదే గాలియం, మన ఫ్లెక్సీలో మధ్య గడి. అందుకని 12 కార్డులు ఖాళీగా, గడి గీత మాత్రం వేయించి పంపిస్తున్నా. అమ్మకి కావలసిన గడి ఆ పాప చేతే నింపించండి, తెలుగుకి జీ కూడా.

తెలుగు క్లాసు:
ఆ పాప అప్పుడే పేరు కూడా పెట్టేసింది, 'అమ్మోనియం' అని. అది వేరే ఉందని చెప్పాలి.

హైదరాబాద్ నుంచి:
ఫైల్ ఇచ్చేశా. 10:50. మార్కర్లు అక్కడే కొనండి, లావువి.