మాత్రలు వేసుకుంటున్న మనిషి సాక్ష్యం చెప్పవచ్చా?

ప్రశ్న (తెనాలి నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

పెద్దలందరికీ వందనములు. మా అమ్మ ప్రభువునందు నిద్రించి ఎనిమిది నెలలయింది. అప్పటి నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టేది కాదు; బడిలో నోటు పుస్తకాలు దిద్దుతూ ఉండగా ఉన్నట్టుండి కన్నీళ్లు వచ్చేవి; ఆరాధనలో నోరు పాడుతున్నా మనసు కదిలేది కాదు. రెండు నెలల క్రితం గుంటూరులో మానసిక వైద్యులను కలిస్తే, డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ మాత్రలు రాశారు. ఇప్పుడు నిద్ర కొంత మెరుగైంది. ఈ సంగతి మా వారికి తప్ప ఎవరికీ తెలియదు. అత్తగారి కంట పడకుండా మాత్రలను బైబిలు సంచిలోనే దాచుకుంటున్నాను, అక్కడైతే ఎవరూ వెదకరు కనుక. వచ్చే శనివారం సంఘ స్త్రీల సమాజంలో నన్ను సాక్ష్యం, అంటే దేవుడు నా జీవితంలో చేసిన మేలు, చెప్పమన్నారు. ప్రభువు నా దుఃఖాన్ని తీసివేశాడని చెబితే అబద్ధమవుతుంది. ఉన్నది చెబితే విశ్వాసం చాలలేదంటారు. ఏం చెప్పమంటారు?

జవాబు 1 (మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించిన ఒక పెద్దావిడ)

అమ్మా, సాక్ష్యం మాట తరువాత, ముందు మాత్రల మాట. ఇవి వేసుకున్న రోజే పనిచేసేవి కావు. రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. కాస్త బాగుందనిపించగానే హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి రావచ్చు. ఆపవలసి వచ్చినా డాక్టరుగారే మెల్లగా తగ్గిస్తారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, సాక్ష్యం బలంగా ఉండాలని ముందు రోజు మాత్రలు పారేసినవారిని నా ఉద్యోగంలో చూశాను. థైరాయిడ్ పరీక్ష చేయించకపోయి ఉంటే అదీ అడుగు, ఆ లోపం కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తుంది.

ఏలీయాను గుర్తు చేసుకో. కర్మెలు కొండ మీద అంతటి విజయం చూసిన ప్రవక్త, ఆ వెంటనే అరణ్యంలో బదరీవృక్షము కింద కూర్చుని చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దేవదూత వచ్చి అతనిని గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. నలభై ఏళ్లు రోగులకు సేవ చేసిన దానిని, నాకు అది వార్డులో జరిగే పనిలాగే కనిపిస్తుంది. విశ్వాసులు నడిపే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల (సి.ఎం.సి.) కూడా 1957లో బాగాయంలో మానసిక వైద్య కేంద్రం ప్రారంభించింది. అక్కడ రోగి పక్కన ఇంటివారు ఉండడం చికిత్సలో భాగం. అందుకే అత్తగారి దగ్గర దాచవద్దంటాను. బతకాలని లేదన్న తలంపు ఎప్పుడైనా వస్తే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

జవాబు 2 (ఖమ్మం నుంచి ఒక సంఘ పెద్ద)

సోదరి గారు నొచ్చుకోకపోతే ఒక మాట. నా భార్య పోయినప్పుడు నేను ఏ మాత్రా వేసుకోలేదు. సంఘం వారు వంతులవారీగా భోజనం తెచ్చి, సాయంత్రాలు ఊరకే నా దగ్గర కూర్చునేవారు, దానితోనే తేరుకున్నాను. తల్లి కోసం ఏడవడాన్ని కూడా రోగమంటే ఎలా?

జవాబు 3 (మొదటి జవాబు రాసిన నర్సు)

అయ్యగారూ, ఏడవడం రోగమని నేనూ అనను. నెలల తరబడి నిద్ర, ఆకలి, పని మూడూ దెబ్బతిన్నప్పుడు మాత్రం వైద్యుడు చూడాలి. మీకు దొరికిన సంఘం ఈ అమ్మాయికి దొరికి ఉంటే మాత్రలను బైబిలు సంచిలో దాచుకునేది కాదు కదా.

జవాబు 4 (కృష్ణా జిల్లా నుంచి ఒక పాస్టరు)

అమ్మా, ఫిలిప్పీ పత్రికలో పౌలు రాసిన "దేనినిగూర్చియు చింతపడకుడి" అన్న వాక్యాన్ని పరామర్శకు వెళ్లిన ఇళ్లలో నేనే ఎన్నోసార్లు చదివి, అవతలివారు తల దించుకోవడం చూసి కూడా అర్థం చేసుకోలేకపోయాను. అదే ఫిలిప్పీ పత్రిక రెండవ అధ్యాయంలో, జబ్బుపడిన తన తోటి పనివాడు ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకు "దుఃఖముమీద దుఃఖము" కలిగేదని అదే పౌలు రాశాడు. చింతపడవద్దన్నవాడు తన దుఃఖాన్ని అపనమ్మిక అనుకోలేదు, సంఘం ముందు దాచనూ లేదు.

మన సాక్ష్యాలకు ఒక మూస పడిపోయింది: కష్టం, ప్రార్థన, విడుదల, చప్పట్లు. కష్టం మధ్యలో ఉన్నవారికి అందులో చోటు లేదు. 88వ కీర్తన ఆ మూసలో ఇమడదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. అయినా దానిని రాసిన హేమాను దేవునికే మొరగా చెప్పాడు, ఇశ్రాయేలీయులు తమ పాటల్లో చేర్చుకున్నారు. ఇంకా ముగియని సంగతిని ముగియలేదనే చెప్పండి. మాత్రల ప్రస్తావన తేవాలా వద్దా అన్నది మీ ఇష్టం. వైద్యం వివరాలు సంఘానికి బాకీ లేవు.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అత్తగారికి చెప్పాను. ఆమె మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, తన బి.పి. మాత్రల డబ్బాలోనే పెట్టమన్నారు, ఇంకేమీ అడగలేదు. శనివారం 88వ కీర్తన చదువుతాను. ఆ తరువాత నోరు పెగిలితే అమ్మ గురించి నాలుగు మాటలు చెబుతాను, లేకపోతే కూర్చుంటాను.